బుక్కెడు బియ్యం

1971 ఫిబ్రవరి 9, మంగళవారం. మిర్యాలగూడ

రోజూ ఏం తిన్నానో రాసుకోమన్నారు. అందుకని ఈ డైరీ. సిమెంటు కంపెనీ వాళ్లు మామగారికి ఇచ్చింది, ఆయన వాడరు. ముప్పై తొమ్మిది రోజుల పేజీలు ఖాళీగా పోయాయి.

అత్తమ్మకు చదువు రాదు. మా ఆయన నా కుట్టుమిషను సొరుగు తెరవరు. కనుక ఇందులో అబద్ధం రాయాల్సిన అవసరం లేదు.

నిన్న సూర్యాపేటకు తీసుకుపోయి లేడీ డాక్టరుకు చూపించారు. మూడో నెల. నిలబడితే ఇది మూడో కానుపు. డాక్టరు కంటి కింది రెప్ప లాగి చూసింది. నాలుక చూసింది. వేలికి సూది గుచ్చి రక్తం తీయించింది. పన్నెండు ఉండాల్సింది ఆరున్నర ఉందట. మా ఆయనతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. నాకు సగమే అర్థమైంది. ఆయనకు మొత్తం అర్థమైనట్టుంది, బస్టాండు దాకా నా సంచీ ఆయనే మోశారు.

అక్కడ మరియమ్మ అని ఒక నర్సు ఉంది. యాభై ఏళ్లుంటాయి. నా చెయ్యి పట్టుకుని గోళ్లు చూసింది.

"గోర్లు గుంటలు పడ్డయి సూడు. నీళ్ల సుక్క ఏస్తే నిలబడ్తది. ఏం తింటవమ్మా? మన్నా, బొగ్గా, బలపమా, బియ్యమా?"

ఏ కూర కావాలమ్మా అని అడిగినట్టే అడిగింది.

"అన్నం తింటాను" అన్నాను.

"అన్నం అందరు తింటరు" అంది. "దినాం ఏం తిన్నవో రాసుకో. నాకు సూపెట్టకున్నా సరే. నువ్వు సూసుకో."

ఇవాళ: పొద్దున ఉప్మా. మధ్యాహ్నం అన్నం, పప్పు, దొండకాయ. రాత్రి అన్నం, మజ్జిగ.

బియ్యం నాలుగు బుక్కలు. రెండు అని రాయబోయాను.

ఫిబ్రవరి 10

ఆరు.

ఫిబ్రవరి 11

మూడు. ఒకటిన్నర అనుకున్నా తప్పు లేదు, తరువాతి రెండూ చిన్నవి.

ఫిబ్రవరి 14, ఆదివారం

రాస్తుంటే ఇది చాలా చిన్న సంగతిలా కనిపిస్తుంది. సామాన్ల అర్రలో ఇత్తడి గంగాళం ఉంది. ఇంటి వాడకానికి పాత బియ్యం అందులో పోస్తారు. అర్ర గోడకు అవతల మా మిల్లు. ఇంట్లో బట్టలకు, పరుపులకు, తాగే నీళ్లకు కూడా తవుడు వాసన. అర్రలోకి రోజుకు నాలుగైదుసార్లు ఏదో ఒక పని మీద పోవాలి. పోయినప్పుడల్లా పిడికెడు.

నోట్లో పోసుకోగానే రాళ్లలాగా ఉంటాయి. దవడకు పెట్టుకుంటే మెల్లగా నానుతాయి. నమిలితే తెల్లని తీపి ఒకటి ఊరుతుంది. అది గొంతు దిగేదాకా నాకు వేరే ఆలోచన ఉండదు. దిగిన తరువాత సిగ్గు. సిగ్గు పోవడానికి ఇంకో బుక్క.

కోదాడలో మా పెళ్లి వైశాఖంలో అయింది. పొద్దున ఒక్క మబ్బు లేదు. అప్పగింతల వేళకు వాన దంచికొట్టి పందిరి ఒక పక్కకు ఒరిగింది. "పిల్ల బియ్యం బాగా బుక్కినట్టున్నది" అని మగపెళ్లివారు నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఇవాళ అయిదు.

ఫిబ్రవరి 22, సోమవారం

డాక్టరిచ్చిన ఇనుము మాత్రలు వేసుకుంటే గుండెల్లో మంట, నోట్లో తుప్పు రుచి. నాలుగు రోజులు వేసుకున్నాను. అయిదో రోజు నుంచి దొడ్లో జామచెట్టు మొదట్లో వేస్తున్నాను. ఆయన అడిగితే వేసుకున్నానంటున్నాను.

చెట్టుకైనా మంచిదే.

మార్చి 3

ఇవాళ్టి నుంచి బంద్. బుక్కాలనిపిస్తే వేయించిన శెనగలు తినాలని కొంగులో మూటగట్టుకున్నాను.

సాయంత్రం: శెనగలు అన్నీ తిన్నాను. తరువాత బియ్యం మూడు బుక్కలు.

మార్చి 8, సోమవారం

అత్తమ్మకు అనుమానం వచ్చింది. నెలకు సరిపోయేవి ఇరవై రోజులకే అడుగంటుతున్నాయట. పొద్దున గంగాళంలో బియ్యం చదును చేసి, పైన అరచెయ్యి అద్ది అచ్చు వేసింది. ఎవరికీ చెప్పలేదు. నేను కిటికీలోంచి చూశాను.

తరువాత పోయి ఆ అచ్చుకు ఆనకుండా పైన నా చెయ్యి పెట్టి చూసుకున్నాను. అత్తమ్మ చెయ్యి నాకంటే చిన్నది. చెదిరితే నేను మళ్లీ వేయలేను.

ఆ అర్రలోకి నేను, అత్తమ్మ కాక కాటమ్మ పోతుంది. ఎనిమిదేళ్ల నుంచి మా ఇంట్లో బియ్యం చెరిగి రాళ్లు ఏరేది ఆమే. ఇంట్లో పని లేనప్పుడు మిల్లు వాకిట్లో మిగతా ఆడవాళ్లతో కలిసి చెరుగుతుంది. వేములపల్లి మనిషి. ఇక్కడ ఊరి చివర గుడిసె వేసుకుని ఉంటుంది. నా సంగతి ఆమెకు తెలుసు. పోయిన దసరా ముందు ఒకసారి అర్రలోకి వచ్చి, నా దవడ కదలడం చూసి, "జర మెల్లగ నములు చిన్నమ్మా, పండ్లు అరిగిపోతయి" అంది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఇవాళ సున్నా.

మార్చి 11

కాటమ్మ పని మానేసింది.

మార్చి 12, శుక్రవారం

మానేసింది అని రాశాను. మాన్పించారు.

నిన్న పొద్దున అచ్చు చెదిరి ఉండటం అత్తమ్మ చూసింది. కాటమ్మను మిల్లు వాకిట్లోకి పిలిచింది. చెరిగే ఆడవాళ్లు, హమాలీలు, అందరూ అక్కడే ఉన్నారు.

"ఆ అర్రకు పోయేది నేను, నా కోడలు, నువ్వు. నా కోడలు ఎత్తుకపోతదా?"

"ఏమో పెద్దమ్మా. నేనైతే తియ్యలే."

"అయితే కొంగిప్పు."

కాటమ్మ నడుముకు చుట్టిన కొంగు విప్పి దులిపింది. తంబాకు పొట్లం పడింది, రెండు వక్కలు పడ్డాయి. బియ్యపు గింజ పడలేదు.

"అంటే ఎప్పటివప్పుడు ఇంటికి పంపిస్తున్నవన్నట్టు" అంది అత్తమ్మ. "రేపటి సంది రాకు."

చెరిగేవాళ్లు చేటలు ఆపి చూశారు. కాటమ్మ తంబాకు పొట్లం ఏరుకుని, ఇంటి తలుపు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

నేను ఆ తలుపు వెనక ఉన్నాను. మాట్లాడటానికి వీలు లేకపోయింది.

కష్టపడే మనిషి. ఆమెకు ఎక్కడైనా పని దొరుకుతుంది.

మార్చి 15

సున్నా. నాలుగు రోజులు వరసగా.

మార్చి 20, శనివారం

తొమ్మిదో రోజు. ఒక్క గింజ ముట్టలేదు. ఇన్ని రోజులు ఎప్పుడూ ఆపలేదు. నిద్ర సరిగా లేదు, దవడలు లాగుతున్నాయి, గోడకు కొత్తగా సున్నం వేస్తే ఆ వాసనకు అక్కడే నిలబడిపోయాను. అయినా ఆపాను. మనిషి గట్టిగా అనుకుంటే కానిది లేదు అని రాద్దామనే ఇవాళ డైరీ తీశాను.

మధ్యాహ్నం అత్తమ్మ నన్ను అర్రలోకి పిలిచి గంగాళం మూత తీసింది. అచ్చు వేసింది వేసినట్టే ఉంది. అయిదు వేళ్లూ, అరచేతి గీతలతో సహా.

"సూసినవా" అంది. "అది పోయినంక ఒక్క గింజ కదల్లే. నేను అనుకున్నదే నిజమయింది."

మార్చి 21, ఆదివారం

కాటమ్మ తియ్యలేదని తెలియాలంటే అచ్చు చెదరాలి. అందుకని చెరిపాను. చెరిపినప్పుడు చేతిలోకి వచ్చినవి మళ్లీ పోస్తే అనుమానం వస్తుంది.

నాలుగు బుక్కలు. కాటమ్మ కోసం.

మార్చి 22

ఎలుకలు అని తేల్చారు. మామగారు బోను తెప్పించి, అందులో కొబ్బరి ముక్క పెట్టించారు. ఎలుకలైతే కాటమ్మ కాదు కదా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

అయిదు. కాటమ్మ కోసం.

మార్చి 23

అయిదు.

మార్చి 29

ఉగాది అయిపోయింది. గంగాళం జోలికి పోవడం లేదు. మా ఆయన బేరగాళ్లకు చూపించడానికి మిల్లు నుంచి శాంపిలు పొట్లాలు తెచ్చి అల్మారాలో పెడతారు. అవి సన్న బియ్యం, కొత్తవి. నమిలితే పాలు తక్కువ ఊరుతాయి.

"ఈ పొట్లం గింత అల్కగ అయిందేంది?" అన్నారు ఇవాళ.

"కాగితం చిరిగి కారిపోయాయి, ఊడ్చేశాను" అన్నాను.

ఆలోచించుకోకుండానే వచ్చింది ఆ మాట. అబద్ధం చెప్పడంలో నాకు ఇంత వేగం ఉందని తెలియదు.

ఏప్రిల్ 6, మంగళవారం

నిన్న సూర్యాపేట. రక్తం ఆరు. తగ్గింది. లేడీ డాక్టరు మా ఆయన మీద కోప్పడింది. ఆయన నా వైపు చూశారు. మాత్రలన్నీ వేసుకుంటున్నది డాక్టరుగారూ, నేను అడుగుతూనే ఉన్న అన్నారు పాపం.

సూది వెయ్యడానికి మరియమ్మ లోపలి గదిలోకి తీసుకుపోయింది. ఎందుకో తెలియదు, సంచీలో ఉన్న డైరీ తీసి ఆమె చేతికిచ్చాను. అన్నీ చదవలేదు. వేలు పెట్టి అంకెలు మాత్రం చూసుకుంటూ పోయింది. ఆరు, మూడు, అయిదు, సున్నా, సున్నా, నాలుగు.

"రాసుడైతే మంచిగనే రాసినవ్" అంది. "ఇగ ఇను. నీ నాలుక చెడ్డది కాదు. రక్తం లేనోళ్లకే ఈ ఆశ పుడ్తది. ఇది బుక్కుతవు, కడుపుకు కూడు సయించదు, ఉన్న రక్తం ఇంక తగ్గుతది. మళ్ల బుక్కుతవు. గానుగెద్దు లెక్క తిరుగుడే. ఏదో ఒక్కకాడ తెంపాలె. రక్తం సంగతి నేను సూస్త, వారం వారం వచ్చి సూది ఏసుకో. గాని ఇంట్ల ఎవలకన్న ఎరికనా?"

"లేదు."

"ఎరిక కావాలె. దాసుకున్నన్ని దినాలు ఇది పోదు. ఆ మాత్ర నా తాన లేదు."

సూది వేసిన చోట నల్లటి మచ్చ పడింది. ఏళ్లకు గాని పోదట.

1969 ఆగస్టులో పుట్టింది ఆడపిల్ల. జుట్టు ఒత్తుగా ఉంది. ఏడవలేదు. దాని గురించి ఇంతే.

ఏప్రిల్ 9

చెప్పాలి. ఇవాళ అత్తమ్మకు తలనొప్పి.

ఏప్రిల్ 10

ఇవాళ చుట్టాలు వచ్చారు.

ఏప్రిల్ 13

ఇవాళ మంగళవారం.

ఏప్రిల్ 15, గురువారం

చెప్పాను.

అత్తమ్మ పప్పు ఏరుతున్నది. ఎదురుగా కూర్చుని చెప్పాను. గంగాళంలో బియ్యం నేనే బుక్కానని, చిన్నప్పటి నుంచీ ఉందని, మాత్రలు జామచెట్టుకు వేశానని. ఆమె చెయ్యి ఆగలేదు. ఏరుతూనే ఉంది.

"ముందు రెండిటప్పుడు గూడ తిన్నవా?"

"తిన్నాను."

పప్పులోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది.

"ఎవలకన్న చెప్పినవా?"

"నర్సుకు."

"ఆమె ఊరు ఏరే. పర్వలేదు. ఇంక ఎవలకు చెప్పకు. షావుకారి కోడలు వట్టి బియ్యం బుక్కుతదంటే బజార్ల నవ్వరా?"

"మరి కాటమ్మ?"

"కాటమ్మ పోయింది గద. అయిపోయిన ముచ్చట." చేట పక్కకు పెట్టి లేచింది. "ఆమెను పిలిచి తప్పయిందంటె, ఎందుకు తప్పయింది అని మిల్లుల అందరు అడుగరా? అప్పుడేం చెప్పాలె?"

అర్రకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

నేను చెప్పేశాను. ఇక నా చేతిలో ఏముంది?

ఏప్రిల్ 24

అత్తమ్మ రోజూ రెండు పూటలా మాత్ర తన చేత్తో ఇస్తుంది. గొంతు కదిలేదాకా కదలదు. తరువాత నిమ్మకాయ నీళ్లు. పొద్దున నువ్వుల ఉండ, మధ్యాహ్నం తోటకూర, సాయంత్రం బెల్లం, పల్లీలు. ఒక్క మాట దెప్పలేదు. మామగారికి కూడా చెప్పలేదు.

మంచి మనిషి. అదే ఇబ్బంది.

సున్నా.

మే 7, శుక్రవారం. కోదాడ

అమ్మ దగ్గరికి వచ్చి వారం. ఇక్కడ తాళం లేదు. మూడో రోజే రెండు బుక్కలు. మరునాడు బియ్యం డబ్బా తెరవకుండా బజారుకు పోయి, అక్క పిల్లలకని చెప్పి బలపాల పెట్టె కొన్నాను. సగం అయిపోయాయి.

అమ్మ చూసింది.

"ఇంకా మానలేదంటే నువ్వు! చిన్నప్పుడు బళ్లో ఇచ్చిన బలపం సాయంత్రానికి ఉండేది కాదు. రాసి అరగదీసిందనుకుని మీ నాన్న మురిసిపోయేవారు."

"నీకు తెలుసా?"

"తెలియకేం. పెళ్లయితే అదే పోతుందిలే అనుకున్నాను."

"చెప్పొచ్చు కదా, ఎవరికైనా."

"ఎవరికి చెప్పమంటావే? ఆడపిల్లకి లేనిపోని పేరు తెచ్చిపెట్టడం కాకపోతే."

మిగిలిన బలపాలు పెట్టెతో సహా అమ్మకిచ్చాను. అమ్మ వాటిని మరీ ఎత్తుగా లేని చోట దాచింది.

మే 16

లోపల కదిలింది. అన్నం ముందు కూర్చున్నప్పుడు. అంతకుముందు రెండుసార్లూ ఇలాగే కదిలారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

జూన్ 14, సోమవారం. మిర్యాలగూడ

సూర్యాపేట పోయి వచ్చాము. రక్తం తొమ్మిది. మరియమ్మ నా గోళ్లు చూసి తల ఊపింది.

తిరుగు బస్సులో ఒక సంగతి తట్టింది. మూడు రోజుల నుంచి బియ్యం గుర్తు రాలేదు. ఆపుకోవడం కాదు, గుర్తే రాలేదు. గట్టిగా అనుకుంటే కానిది లేదని మార్చిలో రాయబోయాను. గట్టిగా అనుకున్నప్పుడు ఏదీ కాలేదు. పదకొండు సూదులకు అదే పోయింది.

సంతోషం కలగాల్సింది. అత్తమ్మ తాళం తీశాక అర్రలో నిలబడితే చేతులకు ఏం పని చెప్పాలో తెలియలేదు.

జులై 2

సున్నా. ఇక అంకె రాయడం మానేస్తాను.

ఆగస్టు 19, గురువారం. సూర్యాపేట

మొన్న తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. నాలుగున్నర పౌండ్లు. ముందు ఏడవలేదు. మరియమ్మ కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తి అరికాలి మీద కొట్టింది, ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి ఏడ్చింది.

అత్తమ్మ వరండాలో ఉందట. ఏడుపు విని గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయిందని ఆయన చెప్పారు.

సెప్టెంబరు 17, శుక్రవారం. మిర్యాలగూడ

పిల్లకు నెల నిండింది. మిల్లులో చెరిగే సుందరమ్మ చూడటానికి లోపలికి వచ్చింది. కాటమ్మ ఎక్కడ చేస్తున్నదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, ఆరు నెలలు అలాగే ఉన్నాను కదా.

"యాడ చేస్తదమ్మా? నాలుగు మిల్లులు తిరిగింది. ఈడ బియ్యం ఎత్తుకపోయిందని అందరికెరికాయె. ఎవలు రానియ్యలే. గుడిసె పీక్కొని ఎములపల్లి పోయింది, వాళ్లన్న పొలాలల్ల కూలికి."

ఎక్కడైనా పని దొరుకుతుంది అని రాసిన పేజీ వెనక్కి తిప్పి చూశాను. చక్కని దస్తూరి.

సెప్టెంబరు 21

మొన్న మా ఆయనకు చెప్పాను. అంతా. శాంపిలు పొట్లాలతో సహా.

"ఆర్నెల్లు నన్ను అడివిల తిప్పినవ్" అన్నారు. తరువాత, "అమ్మకు ఎరికనా?"

"ఏప్రిల్ నుంచి."

"అయితే ఈ ఇంట్ల నేనొక్కన్నే పిచ్చోన్ని."

రెండు రోజులు ఆయన సరిగా పలకలేదు. ఇవాళ పొద్దున, వేములపల్లిలో ధాన్యం చూసే పని ఉంది, వస్తావా అన్నారు.

సెప్టెంబరు 25, శనివారం

వేములపల్లి పోయి వచ్చాము. ఆయన రోడ్డు మీదే ఆగారు. నేను గట్టు వెంట పోయాను. పది మంది ఆడవాళ్లు వరిలో వంగి కలుపు తీస్తున్నారు. కాటమ్మ నన్ను చూసింది. చేతిలో గడ్డి గట్టు మీద పడేసి వచ్చింది. ఎండకు నల్లబడింది, చిక్కింది.

"కానుపయిందంటగ చిన్నమ్మా. ఏం పిల్ల?"

"ఆడపిల్ల."

"బతికిందా?"

"బతికింది."

"మంచిది."

దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఆ బియ్యం నేను తిన్నాను కాటమ్మా" అన్నాను.

"నాకెరికనే గద."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

కాళ్ల బురద గట్టుకు రాసుకుంది.

"చెప్తె ఎవలు నమ్ముతరు? సరే, నమ్మిండ్రే అనుకో. నేనేమొ ఆ గేటు దాటి బయటికొచ్చిన. నువ్వు యాడికి పోతవ్? గా ఇంట్లనే ఉండాలె, గా అత్త ముంగటనే తినాలె. కడుపుతోటున్నవ్. అప్పటికే రెండు పోయె. అందుకని ఊకున్న. నువ్వే చెప్తవేమో అని తలుపు దిక్కు సూసిన. చెప్పలేవు."

"ఇప్పుడు చెప్తున్నాను."

"ఈడ చెప్తె ఏం ఫాయిద? వరికి చెప్తున్నవా?" కోపంగా అనలేదు. "నాకు కాదు చిన్నమ్మా చెప్పాల్సింది. గాడ చెప్పు. నా కొంగిప్పించిన కాడ. ఎవలు సూసిండ్రో వాళ్లు ఇనాలె."

"మళ్లీ పనిలోకి వస్తావా?"

"మీ ఇంటికి రాను. వేరేకాడ పని దొరకాలె, గంతే."

గట్టు దిగి మళ్లీ వరసలో వంగింది. పక్క ఆడమనిషి ఏదో అడిగింది. కాటమ్మ ఏమీ లేదన్నట్టు తల ఊపింది.

సెప్టెంబరు 28

ఇవాళ మంగళవారం.

సెప్టెంబరు 30

పిల్లకు జలుబు.

అక్టోబరు 2

సెలవు. మిల్లు లేదు.

ఈ మూడు పేజీలు, ఏప్రిల్‌లో ఆ మూడు పేజీలు పక్కపక్కన పెట్టి చూశాను. బియ్యం పోయింది. ఇది ఉంది. దీనికి సూది లేదు.

అక్టోబరు 4, సోమవారం

పొద్దున పది గంటలకు పిల్లను మా ఆయనకిచ్చి మిల్లు వాకిట్లోకి పోయాను. పెళ్లయి వచ్చాక ఆ వాకిట్లో అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. తొమ్మిది మంది చెరుగుతున్నారు. మైసయ్య, ఇంకో ఇద్దరు హమాలీలు బస్తాలు మోస్తున్నారు. మామగారు గద్దె మీద ఉన్నారు. ఏం కావాలమ్మా అన్నారు.

మిషను చప్పుడుకు మొదటిసారి చెప్పింది ఎవరికీ వినబడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాను.

"మార్చి నెలలో మా ఇంట్లో బియ్యం కాటమ్మ తీయలేదు. నేను తిన్నాను. రోజూ పిడికిళ్లతో, పచ్చివి."

చేటలు ఆగాయి. మైసయ్య భుజం మీది బస్తా దించాడు.

"ఇంట్లకు పో బిడ్డా" అన్నారు మామగారు మెల్లగా.

"ఇంకా ఉంది మామయ్యా."

అత్తమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె వైపు చూడకుండా మిగతాది చెప్పాను. ఈ డైరీలో కూడా రాయనిది.

"ఇక్కడ ఆమె కొంగు విప్పించినప్పుడు నేను ఆ తలుపు వెనక ఉన్నాను. నోరు తెరవలేకపోయాను. ఎందుకంటే నోటి నిండా ఆ బియ్యమే ఉన్నాయి."

మిషను తిరుగుతూనే ఉంది. సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏమో తెలియదు. చివరన కూర్చున్న ముసలావిడ ఒక్కతే, "మన్ను తినేటోళ్లను సూసిన గాని, గీ ముచ్చట నలుగుట్ల చెప్పేటోళ్లను సూడలే" అని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. ఆ తరువాత అందరూ.

లోపలికి వచ్చేసరికి పిల్ల ఏడుస్తున్నది. పాలిచ్చాను.

అక్టోబరు 8

అత్తమ్మ మాట్లాడటం లేదు. వంట చేసి పెడుతుంది, పిల్లకు స్నానం చేయిస్తుంది. నాతో ఏదైనా చెప్పాలంటే పిల్లతో చెబుతుంది. "మీ అమ్మను తినుమను." తింటున్నాను.

బజారులో నవ్వుతున్నారట. మామగారు రెండు రోజులు గద్దె మీదికి పోలేదు. మూడో రోజు పోయారు.

అక్టోబరు 25, సోమవారం

పిల్లకు టీకా వేయించడానికి దవాఖానకు పోతుంటే బస్టాండు దగ్గర ఆడవాళ్ల గుంపు ఎదురైంది. చేటలు చంకలో పెట్టుకుని పోతున్నారు. అందులో కాటమ్మ ఉంది. హుజూర్‌నగర్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన మిల్లులో వారం కింద చేరిందట. సుందరమ్మ చెప్పింది గాని నేను నమ్మలేదు.

దూరం నుంచే నన్ను చూసింది. చూసీ చూడనట్టు పోవచ్చు. నేనైతే పోయేదాన్ని.

"చిన్నమ్మా!" అని రోడ్డుకు అటు పక్క నుంచి అందరూ వినేటట్టు పిలిచింది. "పిల్ల మంచిగున్నదా?"

"మంచిగుంది" అన్నాను, నేనూ గట్టిగానే.

"పాలు సాల్తున్నయా?"

"సరిపోతున్నాయి."

"నెత్తికి గుడ్డ కట్టు, ఎండ కొడ్తున్నది."

పిల్ల తలకు కొంగు కప్పాను. కాటమ్మ చేట ఇంకో చంకలోకి మార్చుకుని, మిల్లుకు వేళయిందని మిగతావాళ్ల వెంట పెద్ద పెద్ద అంగలేసుకుంటూ పోయింది.